గాజుతొట్టిలో తాబేలును చేపలును

గత వేసవి సెలవులలో మా యింటికి ఒక చిన్న తాబేలు వచ్చినది. చెన్నపట్టణమునకు పోయినపుడు ఒక అంగడిలో చూచి పిల్లలు పట్టుపట్టిరి. రూపాయి నాణెముకంటె కొంచెము పెద్దది. పచ్చని చిప్ప, కన్నుల వెనుక ఎఱ్ఱని చార. ఇంట అప్పటికే గాజుతొట్టిలో ఆఱు బంగారుచేపలుండెను. రెండును నీటి ప్రాణులే గదా యని దానిని అందులోనే విడిచితిమి. పదునైదు దినములలో రెండు చేపలు మాత్రము మిగిలెను. వానికిని తోకలు సగమే యుండెను.

దశావతారములలో మత్స్యము ప్రక్కనే కూర్మము వచ్చునుగాని, తొట్టిలో ఆ పొరుగు పొసగదు. మన చెరువులలో రెండును కలిసి బ్రదుకుట లేదా యని విద్యార్థులు అడుగవచ్చును. పూండి జలాశయమంతటి నీటిలో చేప తప్పించుకొని పోవుటకు చోటు కలదు. దాగుటకు నాచు కలదు. రెండడుగుల తొట్టిలో అది గాజుగోడకు తగిలి నిలిచిపోవును. పైగా లేబ్రాయపు తాబేలు మాంసాహారమునే మిక్కిలి కోరును. పెరిగినకొలది ఆకు అలములను ఎక్కువగా తినును. బంగారుచేప మందగామి గనుక ముందుగా దొరకిపోవును. ఆ చేపలనే మేతగా వేయుటయు మంచిది కాదు. వానిలోని యొక పదార్థము తాబేలు శరీరమునకు వలసిన బి1 విటమినును నాశము చేయును. గప్పీలవంటి చుఱుకైన చిన్నచేపలు విశాలమైన తొట్టిలో, మొక్కల నడుమ కొన్ని మిగులవచ్చును. అదియు నమ్మకము లేదు.

తాబేలు కొఱకకున్నను నీరు చేపలను చంపును. తాబేలు మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టి చేప మొప్పలను కాల్చును. తాబేలు తల పైకెత్తి ఊపిరితిత్తులతో గాలి పీల్చునది గనుక నీరు చెడినను కొంతకాలము ఓర్చుకొనును. చేపకు ఆ దారి లేదు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేఱొక జాతివి దానిని నైట్రేటుగా మార్చును. దీనివలన హాని తక్కువ. ఇవి ముఖ్యముగా వడపోత యంత్రపు స్పంజిలో నివసించును. నీరు మురికియైనదని స్పంజిని క్లోరిను కలిసిన కొళాయినీటితో శుభ్రముగా కడిగినచో ఈ ఉపకారులును నశించును. మేము సరిగా ఆ పనియే చేసితిమి!

ఆ నాణెమంత ప్రాణి ముప్పది సంవత్సరములు బ్రదుకవచ్చును; చిప్ప 20 మొదలు 30 సెంటీమీటర్ల వఱకు పెరుగును. చిప్ప పొడవు అంగుళమునకు సుమారు 38 లీటర్ల నీరు వలయునని పెంచువారి లెక్క. అనగా పది అంగుళముల తాబేలునకు 380 లీటర్లు! నీటిపైకి ఎక్కి ఎండ కాగుటకు ఒక బండయు ఉండవలయును. కిటికీ అద్దము గుండ వచ్చు ఎండ చాలదు. చిప్ప గట్టిపడుటకు వలయు కిరణములను అద్దము ఆపివేయును.

తల్లిదండ్రులకు ఒక మాట. తాబేళ్ల ఒంటిపై సాల్మొనెల్లా యను రోగక్రిమి యుండవచ్చును. పసిపిల్లలు తాబేళ్లను నోట పెట్టుకొని జబ్బుపడుటచే అమెరికాలో నాలుగంగుళములకు తక్కువైన వాని విక్రయమును 1975లో నిషేధించిరి. ముట్టినపుడెల్ల సబ్బుతో చేతులు కడుగవలయును.

అంగడి తాబేలేల, చెరువులోనిది పట్టి తెత్తునని యొక బాలుడు మాతో అనెను. కూడదు. వేసవిలో బురదలో దాగి వానలకై వేచియుండు మన చెరువు తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణలో నున్నది. దానిని పట్టుట నేరము.

అంగడి తాబేలు పెరిగి బరువైనపుడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటనో, తిరుత్తణి కొండ క్రింది శరవణప్పొయ్గైలోనో విడిచిన పుణ్యమని పెద్దలకు తోచవచ్చును. అది అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు జాతి. విడిచినచోట మన తాబేళ్ల మేతను, ఎండ కాగు తావులను ఆక్రమించును. ఈ కారణముననే ఐరోపా సమాఖ్య 1997లో దాని దిగుమతిని ఆపివేసినది.

కావున మా తాబేలు మా యింటనే యున్నది. పెరటిలో సిమెంటుతొట్టి కట్టించి, నడుమ రెండు బండలు పెట్టి, పైన వల కప్పితిమి. ప్రొద్దెక్కగానే అది బండపై మెడ చాచుకొని కూర్చుండును. లోపలి గాజుతొట్టిలో చేపల తోకలు మరల మొలచుచున్నవి.