తెరమీది పోరాటము - చేతి నేర్పు

ఉప్పాడ జాందానీ చీరపై పువ్వు దిద్దవలెనన్న, పోగు వెంట పోగు చేతితోనే కూర్చవలెను. అటువంటి చేతి నేర్పే తెరమీది పోరాటపు ఆటకును ఆధారము. ఇందులో ఇద్దరు ఆటగాళ్ళు మీటలను, బొత్తాములను కదపి, బొమ్మ యోధులను పోరాడించెదరు.

జపాను దేశీయుడు డైగో ఉమెహరా 1981లో జన్మించినారు. 2004లో అమెరికాలో జరిగిన ఎవో పోటీలో జస్టిన్ వాంగుతో తలపడినారు. ఆయన యోధునికి ప్రాణము అడుగంటినది; దెబ్బను కాచుకొన్నను ఓటమియే. ఒకే మార్గము మిగిలినది: దెబ్బ తగులు క్షణముననే మీటను ముందుకు తోయుట. అట్లు వరుసగా 15 దెబ్బలు త్రిప్పికొట్టి, ఆ ఆట నెగ్గినారు. అయినను ఆ పోటీలో దక్కినది ద్వితీయ స్థానమే.

తరువాత ఆటను విడిచి, వృద్ధుల సంరక్షణాలయములో పనిచేసినారు. ఆటకు వెచ్చించిన యౌవనము వ్యర్థమైనదని లోకులు తలపవచ్చును. కాని 2008లో కొత్త స్ట్రీట్ ఫైటర్ రాగా మరల మీట పట్టి, 2009, 2010లలో ఎవో విజేత అయినారు.

ఆటలో మునిగిన బిడ్డను మందలించు తల్లిదండ్రులు ఈ రెంటిని గమనింపదగును: చిరకాలము సాధించిన నేర్పు చేతిని విడువదు, జీవికకై వేరొక పని చేపట్టుట చిన్నతనము కాదు.