పట్టుచీరకు ఎన్ని బియ్యం?

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి దేశాటనమే పని. ఇటీవల జపాను సహకారంతో తలపెట్టిన ముంబై–అహమ్మదాబాద్ బులెట్ రైలుమార్గపు పనులు చూద్దామని సూరత్ వెళ్ళాను. ఆ రైలు సంగతి మరొక వారం వ్రాస్తాను. నన్ను కలతపెట్టిన జపాను అక్కడ ఒక నేతగాని ఇంట్లో ఎదురయింది.

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాలకు వెళ్ళినవారికి తెలుగు మాట వినడానికి ప్రయాస పడనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుండి దశాబ్దాల క్రితం సాంచాలను వెదుక్కుంటూ వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. సిరిసిల్ల వైపు నుండి వచ్చిన అటువంటి ఒక కుటుంబం నన్ను రాత్రి భోజనానికి పిలిచింది. భోజనానంతరం కళాశాలలో చదివే ఆ ఇంటి మనుమరాలు టెలివిజన్‌లో ఒక జపాను బొమ్మల చిత్రం పెట్టి, తెరమీది ఇంగ్లీషు అక్షరాలను నాయనమ్మకు తెలుగులో చెప్పసాగింది. బొమ్మల సినిమా గదా, పిల్లల కాలక్షేపమని నేను ఉపేక్షగానే కూర్చున్నాను.

ఆ చిత్రం ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. ఇసావో తకహతా దర్శకత్వంలో 1988లో విడుదలయినది. 1945లో అమెరికా విమానాలు కోబె నగరంపై నిప్పుల వాన కురిపించిన దినాల కథ. తల్లి కాలిన గాయాలతో మరణిస్తుంది. తండ్రి నౌకాదళంలో ఉన్నాడు, జాబు లేదు. పదునాలుగేండ్ల సెయిటా, నాలుగేండ్ల చెల్లెలు సెట్సుకో దూరపు బంధువయిన అత్త ఇంట తలదాచుకుంటారు. తల్లి పట్టు కిమోనోలను అత్త బియ్యానికి మార్పిస్తుంది. కొన్నాళ్ళు వారి కంచాలలోనూ తెల్లని అన్నం కనిపిస్తుంది. ఆ తరువాత గంజిలో గింజలు తగ్గుతూ, అత్త మాటలలో ముండ్లు పెరుగుతూ వస్తాయి.

కిమోనోల ఘట్టం దగ్గర, అంతవరకు మౌనంగా ఉన్న ముసలమ్మ అడిగింది:

“గంత పట్టుకు గిన్నే బియ్యమా బిడ్డా?”

మగ్గం మీద బ్రతికినవారి ప్రశ్న అది. పట్టు విలువ, దాన్ని నేయడానికి పట్టే రోజులు ఆమెకు తెలుసు. కరువు కాలంలో నేసినవాని చీర ఎంతకు పోతుందో కూడా తెలుసు. 1991లో మన ప్రకాశం, గుంటూరు జిల్లాల నుండి చేనేత కార్మికుల ఆకలిచావుల వార్తలు వచ్చినప్పుడు యుద్ధమేదీ లేదు.

మాట పడలేక అన్నాచెల్లెళ్ళు ఇల్లు విడిచి, చెరువు గట్టున పాడుబడిన గుహలో కాపురం పెడతారు. చిత్రానికి ఆయువుపట్టు ఇదేనని నా అభిప్రాయం. ఒక రైతు ఆ బాలునితో చెప్పే మాటల సారాంశం ఏమంటే, ఇప్పుడంతా రేషను, ఇరుగుపొరుగు సంఘంలో పేరు లేనివాడు బ్రతకలేడు, అత్త దగ్గరకే తిరిగిపొమ్మని. బ్యాంకులో తల్లి దాచిన సొమ్ము ఉన్నది, కాని కొనడానికి గింజలు లేవు. జాబితాలో పేరు లేదు. బాంబుల నుండి తప్పించుకున్న పిల్ల జాబితా నుండి తప్పించుకోలేకపోయింది.

మనుమరాలి కళ్ళు చెమర్చాయి. “అత్త రాక్షసి” అన్నది.

“ఆమెను తిట్టకు. ఇంట్ల ఉన్నయే నాలుగు గింజలైతే, ఎవ్వలైనా ఎవల పిల్లలకు ముందుగాల పెడ్తరు?” అని ముసలమ్మ నావైపు తిరిగింది. “సారూ, లాక్‌డౌన్ల సాంచాలు బందు పడ్డప్పుడు మా కార్డు ఊర్లనే ఉండె. ఈడ మేము ఏ లెక్కల లేము.”

2020 ఏప్రిల్, మే నెలలలో ఇదే సూరత్ వీధులలో వలస కార్మికులు తమను ఇండ్లకు పంపమని ఆందోళన చేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒకే దేశం, ఒకే రేషను కార్డు అనే పథకం 2019లోనే మొదలయినా, అన్ని రాష్ట్రాలూ అందులో చేరేసరికి 2022 వచ్చింది.

చిత్రంలో ఒక వైద్యుడు పిల్లను పరీక్షించి, ఇది పోషకాహార లోపమని, బలమైన తిండి కావాలని చెప్పి తరువాతి రోగిని పిలుస్తాడు. ఆ తిండి ఎక్కడున్నదని అన్న అరుస్తాడు. దశాబ్దాలుగా ప్రశ్నోత్తరాల సమయానికి విలేఖరుల గ్యాలరీలో కూర్చున్న నాకు ఆ వైద్యుని కంఠస్వరం కొత్తగా లేదు. ఏ పక్షం గద్దెమీద ఉన్నా, మరణం అనారోగ్యం వల్లనే సంభవించినదని, ఆకలిచావుల సమాచారమేదీ రాష్ట్రాల నుండి రాలేదని జవాబు వస్తూనే ఉన్నది. 2022 జనవరిలో సామాజిక వంటశాలల కేసులో కేంద్రం ఇదే సమాధానం చెప్పినప్పుడు, మన తెలుగువాడయిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, దేశంలో ఆకలిచావులే లేవని అనుకోమంటారా అని అడుగవలసి వచ్చింది.

ఈ కథ వ్రాసిన అకియుకి నోసాకా 1945లో తన చిట్టి చెల్లెలిని పోషణ లేక పోగొట్టుకున్నవాడు. 1967లో ఆ దుఃఖాన్నే కథగా మలచాడు. కథలో అన్న కూడా చనిపోతాడు, అన్నగా నోసాకా బ్రతికి 2015 వరకు ఉన్నాడు. మా వృత్తివారికి ఆసక్తికరమైన విషయం మరొకటి: 1983లో ఆయన జపాను ఎగువ సభకు ఎన్నికై, ఆ ఏడే రాజీనామా చేసి, అవినీతి ఆరోపణల నడుమనున్న మాజీ ప్రధాని కకుయెయి తనాకా మీద ఆయన సొంత నియోజకవర్గంలోనే దిగువ సభకు పోటీచేసి ఓడిపోయాడు. దర్శకుడు తకహతా తొమ్మిదేండ్ల వయసులో ఒకాయామా నగరంపై బాంబుదాడిని తప్పించుకున్నవాడు.

జపాను తన పిల్లల కన్నీరే చూపించి, తన సేనలు తొక్కిన దేశాల పిల్లలను చూపించలేదనే ఆక్షేపణ ఉన్నది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినది జపాను విమానాలే. ఆ ఏడే బర్మా వారి వశమై బియ్యం రాక ఆగినది. మరుసటి ఏడు బెంగాలు కరువుకు తోడ్పడిన కారణాలలో అది ఒకటి. ఆక్షేపణ న్యాయమే. కాని నాలుగేండ్ల సెట్సుకో ఆ లెక్కకు జవాబుదారు కాదు.

చిత్రం ముగిసేసరికి పదకొండు దాటింది. పక్క వీధిలో రాత్రి పాళీ సాంచాల చప్పుడు వినిపిస్తున్నది. యుద్ధం ఎప్పుడు ముగిసిందని ముసలమ్మ మనుమరాలిని అడిగింది. పిల్లవాడు రైలు స్టేషనులో ఒరిగిపోయినది సెప్టెంబరులోనని, యుద్ధం ఆగస్టులోనే ముగిసిందని ఆ అమ్మాయి చెప్పింది.

“అయితే యుద్ధంల సచ్చినోళ్ళ లెక్కల కూడా వాని పేరు రాయరు గదా!” అని ఆమె గిన్నెలు తీయడానికి లేచింది.