బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు!

‘‘మా వాడిదీ నాదీ ఒకటే బ్లడ్ గ్రూపు డాక్టరుగారూ. వాడికి నా మూలుగ సరిపోదా?’’ మైపాడు వైపు నుంచి మా ప్రభుత్వాసుపత్రికి వచ్చిన ఓ తల్లి అడిగిన ప్రశ్న ఇది. పిల్లాడికి తలసీమియా. తరచూ రక్తం ఎక్కించాల్సిందే. చెన్నైలో చూపిస్తే ‘హెచ్‌ఎల్‌ఏ టైపింగ్’ చేయించమన్నారట. మీకూ ఇదే సందేహం రావొచ్చు.

ఏమిటీ హెచ్‌ఎల్‌ఏ?
బ్లడ్ గ్రూపు ముఖ్యంగా ఎర్ర రక్తకణాల సంగతి. ఒంట్లోని మిగతా కణాల్లో చాలావాటి మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్ గుర్తులుంటాయి. ఏది మనదో, ఏది పరాయిదో రోగనిరోధక శక్తి వీటిని బట్టే పోల్చుకుంటుంది. వీటి జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. కొన్నింటిలో వేల రకాలున్నాయి. ఈ గుర్తుల్లో మొదటిదాన్ని 1958లో కనిపెట్టిన ఫ్రెంచ్ వైద్యుడు జీన్ డాసేకు 1980లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

పరీక్ష ఎలా?
కాస్త రక్తం గానీ, బుగ్గ లోపల పుల్లతో తుడిచి తీసిన కణాలు గానీ చాలు. అందులోని డీఎన్‌ఏలో కావాల్సిన భాగాన్ని పీసీఆర్‌తో లక్షల ప్రతులుగా పెంచుతారు. దానికి ల్యాబ్‌లో తయారుచేసిన చిన్న డీఎన్‌ఏ ముక్కలను, అంటే ప్రోబ్‌లను కలుపుతారు. ఒక్కోటి సుమారు 20 అక్షరాల పొడవు. తనకు సరిజోడు వరుస దొరికితేనే ప్రోబ్ అతుక్కుంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా నిలవదు. ఏవి అతుక్కున్నాయో, ఏవి లేదో చూసి రకాన్ని తేలుస్తారు. ఇంకా కచ్చితంగా తెలియాలంటే సీక్వెన్సింగ్ చేస్తారు.

ఎవరిది కలుస్తుంది?
బిడ్డకు తల్లి నుంచి ఒక సగం, తండ్రి నుంచి మరో సగం వస్తాయి. అందుకే తల్లిదండ్రులతో సాధారణంగా సగమే కలుస్తుంది. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. కలవకపోతే ఎవరి తప్పూ కాదు. మేనరికం ఇళ్లలో తల్లిదండ్రులతో, దగ్గరి బంధువులతో కలిసే అవకాశం కొంత పెరుగుతుంది. వాళ్లకూ పరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి. మూలుగ మార్పిడికి బ్లడ్ గ్రూపు వేరైనా అడ్డు కాదు.

ఇంట్లో ఎవరిదీ కలవకపోతే 2009లో చెన్నైలో మొదలైన దాత్రి వంటి రిజిస్ట్రీల్లో దాత కోసం వెతుకుతారు. సగం కలిసిన దాతతోనూ ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు.

ఇవి మరవొద్దు
* మార్పిడి ఆలోచన ఉంటే బిడ్డకు ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించొద్దు. తర్వాత వాళ్ల మూలుగను ఒళ్లు తిప్పికొట్టే ముప్పు పెరుగుతుంది.
* తలసీమియా మైనర్ ఉన్న తోబుట్టువు కూడా మూలుగ ఇవ్వొచ్చు.
* పరీక్ష ఆలస్యం చేయొద్దు. ఒంట్లో ఇనుము పేరుకుని కాలేయం దెబ్బతినక ముందే మార్పిడి చేస్తే ఫలితం మెరుగు.

ఆ తల్లికీ అదే చెప్పాను: ‘‘ముందు వాడి అక్కకు పరీక్ష చేయిద్దాం అమ్మా!’’