పాత మినీ కారు ఎందుకు దగ్గుతుంది?

1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు బొమ్మలో చూశారా? ఎంత ముద్దుగా ఉంటుందో! మొదటి మినీ ఇంజను 848 సీసీ మాత్రమే. అందుకే హుషారు చాలదని కొందరు యజమానులు గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు బిగిస్తారు. మర్నాటి నుంచి కారు దగ్గుతుంది, మిట్ట ఎక్కలేక మొరాయిస్తుంది. కొత్త సామాను వేస్తే ఇంకా జోరుగా పోవాలి కదా, ఇదేమిటి?

వంటింట్లో గ్యాస్ పొయ్యికి గాలి చాలకపోతే మంట పసుపెక్కి, గిన్నె అడుగు మసిబారుతుంది. ఇంజనులోనూ అదే వంట. ఒక పాలు పెట్రోలుకు తూకంలో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఇక్కడ గాలి పెరిగింది, పెట్రోలేమో పాతంతే!

లోపలికి తొంగిచూడలేం కాబట్టి మెకానిక్కు నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని మూతి చూస్తాడు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టుంటే తక్కువ. లేత గోధుమరంగైతే భేష్! మన కారుది సున్నం రంగు. పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటరులో ఒక సూది ఉంటుంది. దాన్ని తీసి ఇంకాస్త సన్నది వేస్తే, పక్కన సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది.

ఇంత చేసినా వానలో ఆగిపోయిందా? ముందున్న జాలీలోంచి నీళ్లు చిమ్మి, ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా తడిసి ఉంటుంది. ఇంజను ఆపేసి, పొడిగుడ్డతో తుడవడమే!