సంతకం చేసి లేచి రావచ్చా? బాక్సింగ్ కాంట్రాక్టులపై అపోహలు – వాస్తవాలు

ప్రమోటర్‌తో చెడిన బాక్సర్ చుట్టూ చేరేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "ఏ కోర్టూ మనిషిని బలవంతంగా రింగులోకి దించలేదు. కాంట్రాక్టు పక్కన పడేసి వచ్చెయ్. మిగతాది లాయర్ చూసుకుంటాడు." వినడానికి బాగానే ఉంటుంది. చెప్పేవాడికి పోయేదేమీ లేదు కాబట్టి ధైర్యంగానూ చెబుతాడు. వినేవాడికి పోయేదేమిటో మికీ గార్సియాను చూస్తే తెలుస్తుంది.

2014 జనవరిలో హువాన్ కార్లోస్ బుర్గోస్‌ను ఓడించేనాటికి ఈ అమెరికన్ బాక్సర్‌కు 26 ఏళ్లు. ఆడినవి 34, గెలిచినవి 34. డబ్ల్యూబీఓ సూపర్ ఫెదర్‌వెయిట్ బెల్టు అతనిదే. ఆ ఏడాదే తన ప్రమోటర్ టాప్ ర్యాంక్ మీద కోర్టుకెక్కాడు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఏడేళ్లు దాటిన ఒప్పందం తనను కట్టిపడేయలేదన్నది అతని వాదన. ఆ చట్టం ఉత్తుత్తిది కాదు. 1944లో సినీనటి ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ సంస్థ నుంచి బయటపడింది దాని బలంతోనే. కానీ టాప్ ర్యాంక్ కార్యాలయం ఉన్నది నెవాడాలో. అసలు ఏ రాష్ట్ర చట్టం చూడాలన్న దగ్గరే వాదన మొదలయ్యే కేసులు ఏ దేశంలోనూ ఆర్నెల్లలో తేలవు. 2016లో రాజీ కుదిరింది, గార్సియా బయటపడ్డాడు, జూలైలో మళ్లీ పోటీకి దిగాడు. అప్పటికి రెండున్నరేళ్లు గడిచిపోయాయి. 26 నుంచి 28 దాకా ఒక బాక్సర్ ఒంట్లో ఉండే వేగానికి నష్టపరిహారం కట్టే కోర్టు ఎక్కడా లేదు.

ఆండ్రే వార్డ్‌దీ ఇదే దారి. తన ప్రమోటర్ డాన్ గూసెన్‌తో ఒప్పందం చెల్లదంటూ మధ్యవర్తి ముందుకు వెళ్లి 2013లో ఓడాడు. తర్వాత కోర్టు మెట్లెక్కాడు. సూపర్ మిడిల్‌వెయిట్‌లో అతన్ని మించినవాడు లేడని అందరూ ఒప్పుకున్న రోజుల్లో, 2013 నవంబర్ నుంచి 2015 జూన్ దాకా ఒక్క పోటీ లేదు. ఈలోగా 2014లో గూసెన్ చనిపోయాడు కూడా.

ఇంత నష్టం చేస్తున్న మాట ఎక్కడ పుట్టింది? నిజంలోంచే పుట్టింది. సగం నిజంలోంచి.

1988లో బ్రిటిష్ బాక్సర్ నైజెల్ బెన్, ఫ్రాంక్ వారెన్‌ను మేనేజర్‌గా ఒప్పుకుంటూ మూడేళ్లకు సంతకం పెట్టాడు. నెలల్లోనే ఇద్దరికీ పొసగలేదు. ఆంబ్రోస్ మెండీ అనే ఏజెంటు వచ్చి బెన్ వ్యవహారాలు చూడటం మొదలుపెట్టాడు. వారెన్ తెలివిగా బెన్ జోలికి పోకుండా, మెండీని అడ్డుకోమంటూ ఇంజంక్షన్ అడిగాడు. 1989లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు కుదరదంది. ఈరోజు మెండీని ఆపితే, రేపు బెన్ కోసం ఇంకెవరు ముందుకొచ్చినా వారెన్ వాళ్లమీదా వస్తాడు. చివరికి బెన్‌కు రింగు వదిలేయడమో, వారెన్ దగ్గరికే తిరిగి వెళ్లడమో తప్ప దారి మిగలదు. బాక్సర్ వృత్తి జీవితమే కొన్నేళ్లు, పైగా సాధన తప్పితే నైపుణ్యం పోతుంది. నమ్మకం మీద నడవాల్సిన సంబంధంలో నమ్మకం చచ్చాక, దాన్ని దొడ్డిదారిన కోర్టు చేత అతికించుకోవడం కుదరదని ఆ తీర్పు సారాంశం.

దీన్ని పట్టుకుని 'కాంట్రాక్టుకు విలువ లేదు' అని ప్రచారం చేసేవాళ్లు ఆ తీర్పును ఏ హోటల్ లాబీలోనో నోటి మాటగా విని ఉంటారు. ఒప్పందం చెల్లదని ఆ కోర్టు అనలేదు. దాన్ని ఉల్లంఘించినందుకు పరిహారం అడిగే హక్కు వారెన్‌కు లేదనీ అనలేదు. అతను అడిగిన ఇంజంక్షన్ మాత్రం ఇవ్వలేదు.

రెండో సగం ఇంకా పాతది. 1852లో జోహానా వాగ్నర్ అనే గాయని లండన్‌లో ఒక నాటకశాలతో ఒప్పందం చేసుకుని, ఎక్కువ డబ్బిస్తామన్న పోటీ నాటకశాలకు వెళ్లబోయింది. ఆమె చేత పాడించలేం గానీ, ఇంకొకరి దగ్గర పాడకుండా ఆపగలం అంది కోర్టు. ఆనాటి నుంచి ఆటగాళ్ల కాంట్రాక్టు కేసులన్నీ ఈ వాక్యం చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. 1931లో బాక్సర్ ప్రైమో కార్నెరాకు ఇదే జరిగింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు ఒక పోటీకి మాటిచ్చి, దానికంటే ముందు జాక్ షార్కీతో తలపడటానికి సిద్ధమైతే, వద్దంటూ ఇచ్చిన ఉత్తర్వును న్యూయార్క్ ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది.

అయితే అదే గార్డెన్ 1937లో జేమ్స్ బ్రాడక్ విషయంలో ఓడింది. మాక్స్ ష్మెలింగ్‌తో ఆడతానని గార్డెన్‌కు సంతకం చేసిన హెవీవెయిట్ చాంపియన్ బ్రాడక్, షికాగోలో జో లూయీతో ఆడటానికి ఒప్పుకున్నాడు. అడ్డుకోమని గార్డెన్ న్యూజెర్సీలో దావా వేసింది. బ్రాడక్ చేతులు కట్టేసే ఆ షరతు అవసరానికి మించి, గడువంటూ లేకుండా ఉందని కింది కోర్టూ, అప్పీలు కోర్టూ కొట్టేశాయి. జూన్ 3న ష్మెలింగ్ ఒక్కడే వచ్చి బరువు తూయించుకుని వెళ్లాడు! జూన్ 22న బ్రాడక్ ఎనిమిదో రౌండ్‌లో నేలకూలాడు. ఓడినా అతని మేనేజర్ జో గౌల్డ్ లెక్క తప్పలేదు. లూయీ తరఫు ప్రమోటర్ మైక్ జేకబ్స్‌కు హెవీవెయిట్ టైటిల్ పోటీల్లో వచ్చే లాభాల్లో పదేళ్లపాటు 10 శాతం వాటా ముందే రాయించుకున్నాడు. 'లేచి వచ్చేసి గెలిచినవాడు' అంటే ఇతన్నే చూపిస్తుంటారు. గెలిపించింది గార్డెన్ లాయర్లు హద్దూ పద్దూ లేకుండా రాసిన షరతు. ఆ పొరపాటు ఇప్పటి ప్రమోటర్లు చేస్తారనుకుంటే అంతకంటే అమాయకత్వం లేదు.

హసీమ్ రహమాన్‌ను అడిగితే చెబుతాడు. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో లెనాక్స్ లూయిస్‌ను ఐదో రౌండ్‌లో పడగొట్టి ప్రపంచాన్ని నివ్వెరపరిచాడు. వెంటనే ప్రమోటర్ డాన్ కింగ్ సంచీలో నగదు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు, సంతకం అయిపోయింది. కానీ ఓడితే మళ్లీ పోటీ ఇవ్వాలన్న షరతు లూయిస్ దగ్గర కాగితం మీద ఉంది. జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి మిరియం సెడర్‌బామ్ తేల్చేశారు. ముందు లూయిస్‌తో ఆడు, లేదా 18 నెలలు ఎవరితోనూ ఆడకు. రహమాన్‌ను రింగులోకి ఎవరూ బలవంతంగా దించలేదు, నిజమే! నవంబర్ 17న తనంతట తానే దిగి నాలుగో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు.

మానీ పాకియావో 2006లో ప్రమోటింగ్ సంస్థ గోల్డెన్ బాయ్ చూపించిన నగదు పెట్టె అందుకుని సంతకం చేశాడు. ఆ తర్వాత టాప్ ర్యాంక్‌తోనే కొనసాగుతానని అక్కడా సంతకం చేశాడు. రెండు కంపెనీలూ కోర్టుకెళ్లి 2007లో రాజీపడ్డాయి. టాప్ ర్యాంక్ పోటీలు నడిపించింది, గోల్డెన్ బాయ్ వాటా పుచ్చుకుంది.

'లైగర్' సినిమాలో మైక్ టైసన్‌ను చూసిన తెలుగువాళ్లకు అతని కేసులు కూడా కొద్దో గొప్పో తెలిసే ఉంటాయి. 1988 జూన్ 27న మైఖేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన రోజే, తన మేనేజర్ బిల్ కేటన్‌ను వదిలించుకోవడానికి దావా కాగితాలు అందజేయించాడు. భూమ్మీద అతన్ని ఎదిరించే బాక్సర్ లేని రోజులవి. అంత బలం ఉండీ సాధించిందేమిటి? నెల రోజులకే రాజీ. పారితోషికంలో కేటన్ వాటా మూడో వంతు నుంచి ఐదో వంతుకు తగ్గింది. మేనేజర్ హోదా మాత్రం 1992 దాకా అలాగే ఉంది. కేటన్ పీడ వదులుతుందనుకుని డాన్ కింగ్ పక్కన చేరిన టైసన్, 1998లో అదే కింగ్ మీద 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆరేళ్ల తర్వాత 2004లో 1.4 కోట్ల డాలర్లకు సర్దుకున్నాడు.

చిల్లర అపోహలు కొన్నున్నాయి. బాక్సర్ల రక్షణకు అమెరికా చేసిన ముహమ్మద్ అలీ చట్టం మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కూ వర్తిస్తుందంటారు, వర్తించదు, అది బాక్సింగ్‌కే. 'మేనేజర్‌కు మూడో వంతు' ప్రపంచమంతటా చట్టమంటారు. నెవాడా, కాలిఫోర్నియాల్లో అది గరిష్ఠ పరిమితి, బ్రిటన్‌లో పావు వంతే. ఫ్లాయిడ్ మేవెదర్ టాప్ ర్యాంక్‌ను ధిక్కరించి వెళ్లిపోయాడంటారు. 2006లో ఒప్పందంలో రాసి ఉన్నట్టే 7.5 లక్షల డాలర్లు చెల్లించి వెళ్లాడు. సలహాదారు పేరుతో బాక్సర్లను గుప్పిట్లో పెట్టుకున్న ఆల్ హేమన్‌ను కోర్టు దోషిగా తేల్చిందన్న మాటకూ ఆధారం లేదు. గోల్డెన్ బాయ్ 30 కోట్ల డాలర్లకు వేసిన దావాను 2017 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

ఒక్క మాట దగ్గర మాత్రం అభిమానుల అనుమానానికి తల వంచక తప్పదు. 'మేనేజరూ ప్రమోటరూ ఒకే ఇంటివాళ్లయితే బాక్సర్ మునిగినట్టే' అంటారు. అన్నిసార్లూ కాకపోయినా, నిజమయిన సందర్భాలు తక్కువేం కాదు. టిమ్ విదర్‌స్పూన్ ప్రమోటర్ డాన్ కింగ్, మేనేజర్ ఆ కింగ్ సవతి కొడుకు కార్ల్. 1986లో లండన్ వెళ్లి ఫ్రాంక్ బ్రూనోను ఓడించిన ప్రపంచ చాంపియన్‌కు కోతలన్నీ పోగా చేతికొచ్చింది సుమారు 90 వేల డాలర్లు. విదర్‌స్పూన్ దావా వేశాక రాజీలో సుమారు పది లక్షలు రాబట్టుకున్నాడు.

మైఖేల్ వాట్సన్ కథ ఇంకా గట్టిది. 1989 మేలో లండన్ ఫిన్స్‌బరీ పార్కులో పైన చెప్పిన నైజెల్ బెన్‌ను ఆరో రౌండ్‌లో ఓడించింది ఇతనే. మేనేజర్ మిక్కీ డఫ్ తన పోటీలకు తానే ప్రమోటర్‌గానూ ఉన్నాడని వాట్సన్ కోర్టుకెళ్లాడు. మేనేజర్ పని బాక్సర్‌కు ఎక్కువ రాబట్టడం, ప్రమోటర్‌కు లాభం తక్కువ ఇవ్వడంలో. రెండూ ఒకే జేబులోకి పోతే బాక్సర్ తరఫున బేరమాడేదెవరు? 1991లో ఇంగ్లండ్ హైకోర్టు ఆ ఒప్పందం వృత్తికి అడ్డంకి అని, అమలు కాదని తేల్చింది. అది బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ఆమోదించిన నమూనాలోనే ఉన్న ఒప్పందం అయినా సరే.

2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం అమెరికాలో ఈ రెండు కుర్చీల మధ్య గోడ కట్టింది. ఒకరి వ్యాపారంలో ఇంకొకరికి వాటా ఉండకూడదు. కాకపోతే పది రౌండ్లకు తక్కువ పోటీలాడేవాళ్లకు ఈ గోడ వర్తించదు. అంటే అప్పుడే రింగులో అడుగుపెడుతున్న, లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేని కుర్రాడికే ఈ రక్షణ లేదు. చట్టం రాసినవాళ్ల తెలివికి జోహార్లు!

మన దగ్గర నిఖత్ జరీన్, హుసాముద్దీన్ లాంటి నిజామాబాద్ బాక్సర్లకు పేరు వచ్చింది అమెచ్యూర్ రింగులో. అక్కడ ప్రమోటర్ల గొడవ లేదు, ఉన్నదల్లా సమాఖ్యతోనే. 2015లో విజేందర్ సింగ్ ఫ్రాంక్ వారెన్ సంస్థతో, 2018లో టాప్ ర్యాంక్‌తో సంతకం చేసినప్పటి నుంచి ప్రొఫెషనల్ దారి మనవాళ్లకూ తెరుచుకుంది. కాబట్టి మన చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. గడువు తీరాక కూడా 'మమ్మల్ని అడక్కుండా ఇంకొకరితో కుదుర్చుకోవద్దు' అనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. గడువు లోపల ఇంకొకరికి ఆడనన్న మాటకు మాత్రం, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 42వ సెక్షన్ కింద ఇంజంక్షన్ వచ్చే వీలుంది.

అందువల్ల సంతకం పెట్టబోయే కుర్రాళ్లు పారితోషికం అంకె కంటే ముందు గడువు తేదీ చూడాలి. గాయమైతే, పోటీ రద్దయితే, బెల్టు గెలిస్తే ఆ తేదీ ఎంత వెనక్కి జరుగుతుందో చూడాలి. ఏడాదికి ఎన్ని పోటీలు ఇస్తారో రాయించుకోవాలి. ఇవ్వకపోతే ఒప్పందం తనంతట తానే రద్దవ్వాలి. ఎంత కడితే బయటపడవచ్చో ముందే అంకె వేయించుకోవాలి. గొడవ ఏ ఊరి కోర్టులో, ఏ దేశపు చట్టం కింద తేలాలో చదవాలి, లాస్ వేగస్ అని ఉంటే విమానం టికెట్లు, అక్కడి లాయర్ ఫీజు ఎవరు పెట్టుకుంటారో ఆలోచించాలి. నగదు సంచీ పట్టుకొచ్చిన వాడికి పాత కాంట్రాక్టు చూపించి, దావా పడితే ఖర్చు తనదేనని కాగితం మీద రాసివ్వమనాలి. ఇవన్నీ చదివి చెప్పే లాయర్‌ను బాక్సరే పెట్టుకోవాలి. ప్రమోటర్ పంపిన లాయర్ వద్దు, మేనేజర్ బావమరిది అసలే వద్దు.