ఫోను చవకే... మరి బిల్లో?

పండగ దగ్గరపడుతుందంటే చాలు, పేపరు తెరవగానే కొత్త బట్టలకన్నా ముందు కొత్త ఫోన్లే పలకరిస్తాయి. పదిహేను వేల ఫోను పదివేలకే! ముందు కట్టాల్సింది వెయ్యి రూపాయలే, మిగతాది నెలనెలా! ఫలానా ప్లాను వేయించుకుంటే సగం డబ్బు వెనక్కి! అన్నిటికీ చివర కంటికి ఆనీ ఆనని ఓ చుక్కగుర్తు. దాని పక్కనే 'షరతులు వర్తిస్తాయి' అన్న మాట.

ఒకప్పుడు ఇంటికో ఫోను ఉంటే గొప్ప. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు, నాలుగు రీఛార్జులు. పాలు, గ్యాసు, కరెంటు బిల్లుల సరసన ఫోను ఖర్చూ చేరింది. అందుకే ఫోనుతోపాటు ప్లానునీ కలిపి అమ్మే ఆఫర్లలో అసలు లాభం ఎవరికన్నది ప్రతి ఇంటికీ అవసరమైన లెక్కే. 'కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ' అంటారు పెద్దలు. వంకాయకి గుమ్మడికాయ కొసరిచ్చే కొట్టు ఎక్కడా ఉండదు. ఫోను ధర తగ్గిందంటే ఆ తగ్గిన సొమ్ము ఇంకోచోటి నుంచి రావాల్సిందే. ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడితే కొనాలో వద్దో తేల్చుకోవడం తేలికే.

అయిదొందలకే సెల్‌ఫోన్!

ఫోనుకీ ప్లానుకీ ముడిపెట్టడం మనకు కొత్తేం కాదు. 2003 వానాకాలంలో రిలయన్స్ ఇన్ఫోకామ్ 'మాన్‌సూన్ హంగామా' పేరుతో 501 రూపాయలు కడితే చాలు, ఫోను చేతికిస్తామంది. సెల్‌ఫోన్ అంటే డబ్బున్నవాళ్ల వస్తువనుకునే రోజులవి. జనం ఎగబడ్డారు. ఫోను ఖరీదులో మిగతాది నెలవారీ బిల్లుల్లో రాబట్టుకోవాలన్నది కంపెనీ లెక్క. పైగా అది సీడీఎంఏ ఫోను. నచ్చకపోతే వేరే కంపెనీ సిమ్ వేసుకుందామంటే కుదరదు. కొనేటప్పుడు కట్టింది అయిదొందలే అయినా, ఆ తర్వాత నెలల తరబడి ఆ కంపెనీతోనే కాపురం అన్నమాట.

అయిదేళ్లు గడిచాక ఇంకో ముచ్చట. 2008 జులైలో అమెరికాలో ఐఫోన్ 3జీ 199 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అప్పటి మారకం ప్రకారం ఎనిమిదిన్నర వేల రూపాయలు. ఆగస్టు 22న అదే ఫోనుని ఎయిర్‌టెల్, వొడాఫోన్ మనదేశంలో విడుదల చేస్తే 8 జీబీ మోడల్ ధర అక్షరాలా 31 వేలు! అమెరికాలో అంత చవగ్గా ఎలా ఇస్తున్నారన్నది అప్పట్లో అందరి ప్రశ్న.

జవాబు బిల్లులో ఉంది. 199 డాలర్లకు ఫోను తీసుకున్నవాళ్లు రెండేళ్లపాటు ఏటీ అండ్ టీ నెట్‌వర్కులోనే ఉంటామని సంతకం చేయాలి. కాల్స్‌కి నెలకు కనీసం 40 డాలర్లు, డేటాకి 30 డాలర్లు. రెండేళ్లకు 1,680 డాలర్లు. ఫోనుతో కలిపితే 1,879. అంటే ఎనభై వేల రూపాయల పైమాటే! మధ్యలో మానేస్తే జరిమానా. ఇక్కడ 31 వేలు పోసి కొన్నవాళ్లకు అలాంటి రెండేళ్ల ఒప్పందమంటూ లేదు.

ఆ పద్ధతి మనదగ్గర పాతుకుపోకపోవడానికి కారణముంది. మన వినియోగదారుల్లో పదిమందికి తొమ్మిదిమంది ప్రీపెయిడ్‌వాళ్లే. డబ్బుంటే రీఛార్జు, లేకపోతే లేదు. 2011 జనవరిలో దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీ మారే సదుపాయం వచ్చాక వాళ్లను కట్టిపడేయడం ఇంకా కష్టమైంది. దాంతో కంపెనీలు మరో దారి వెతుక్కున్నాయి. డబ్బు ముందే తీసుకుని, చెప్పినట్లు రీఛార్జు చేస్తే కొంత తిరిగిస్తామనడమే ఆ దారి.

మూడేళ్లు ఆగితే వెనక్కి...

2017లో ఒకదాని వెనక ఒకటి రెండు ఆఫర్లొచ్చాయి. మొదటిది జియోఫోన్. 1,500 రూపాయలు డిపాజిట్ కట్టి ఫోను తీసుకోవడం, మూడేళ్ల తర్వాత ఫోను వెనక్కిచ్చి ఆ 1,500 తీసుకోవడం. 'ఫోను ఉచితం' అన్న మాట ఊరూరా మార్మోగింది. అమ్మకాలు మొదలయ్యేసరికి షరతులూ బయటకొచ్చాయి. ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీఛార్జు చేయాలి. అంటే మూడేళ్లకు 4,500. గడువుకి ముందే ఫోను తిరిగిస్తే ఎదురు చార్జీలు.

అదే ఏడాది అక్టోబరులో ఎయిర్‌టెల్, కార్బన్ సంస్థతో కలిసి ఏ40 ఇండియన్ అనే స్మార్ట్‌ఫోన్ తెచ్చింది. ప్రకటనలో పెద్దక్షరాల్లో కనిపించిన ధర 1,399 రూపాయలు. కొట్లో కట్టాల్సింది మాత్రం 2,899. నెలకు 169 రూపాయల చొప్పున 36 నెలలు రీఛార్జు చేస్తే పద్దెనిమిది నెలలకి 500, మూడేళ్లు నిండాక మరో 1,000 వెనక్కిస్తారు. కాగితం మీద లెక్క వేస్తే ఫోనుకి 2,899, రీఛార్జులకి 6,084, కలిపి 8,983. అందులో 1,500 తిరిగొస్తే మిగిలేది 7,483. మూడేళ్లపాటు కాల్స్, డేటాతో కలిపి చూస్తే తీసిపారేయాల్సిన బేరమేం కాదు. కానీ అది 1,399 రూపాయల ఫోను అనుకుని దుకాణానికి వెళ్లినవాళ్లకీ ఈ లెక్కకీ పొంతనే లేదు.

ఈ తరహా ఆఫర్ చూసినప్పుడు ఒక జాగ్రత్త పనికొస్తుంది. తిరిగొస్తుందన్న డబ్బుని సున్నా అనుకుని ముందు లెక్క వేసుకోవాలి. అప్పటికీ బేరం గిట్టుబాటుగా కనిపిస్తే అది మంచి ఆఫరే. మూడేళ్లలో ఫోను పాడైపోవచ్చు, పోగొట్టుకోవచ్చు, ఊరు మారితే సిగ్నల్ అందక కంపెనీయే మార్చాల్సి రావచ్చు. క్యాష్‌బ్యాక్ మీద ఆశపెట్టుకుని బడ్జెట్ వేసుకుంటే ఇబ్బందే.

వాయిదాల ఫోను... వడ్డీ ఎంత?

పిల్లల చదువులు ఫోన్లోకి వచ్చిపడిన కరోనా కాలంలో, 2021 దీపావళికి జియోఫోన్ నెక్స్ట్ వచ్చింది. మొత్తం ఒకేసారి కడితే 6,499 రూపాయలు. అంత లేదనుకుంటే 1,999, దానిమీద ప్రాసెసింగ్ ఫీజు 501, వెరసి 2,500 కట్టి మిగతాది ప్లానుతో కలిపి వాయిదాల్లో చెల్లించాలి. ఆ ఆఫరు అంకెలన్నీ బహిరంగమే కాబట్టి లెక్క నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

రోజుకి 1.5 జీబీ డేటా ఇచ్చే ప్లాను 24 నెలలకి తీసుకుంటే నెలకు 450 రూపాయలు. రెండేళ్లకు 10,800. ముందు కట్టిన 2,500 కలిపితే 13,300. ఇప్పుడు అదే ఫోనుని నగదు పెట్టి కొని, అంతే డేటా ఇచ్చే ప్లాను విడిగా వేయించుకుంటే? ఆ ఏడాది నవంబరు వరకు 28 రోజులకి 199 రూపాయలు. రెండేళ్లలో 26 సార్లు రీఛార్జు చేస్తే 5,174. ఫోనుతో కలిపి 11,673. అంటే వాయిదాలవాళ్లు 1,627 రూపాయలు ఎక్కువ కట్టినట్లు. వాళ్లకి నిజంగా దొరికిన అప్పు 3,999 రూపాయలు మాత్రమే. నెలనెలా తీరుతూ పోయే ఆ చిన్న అప్పుకి ఇది నూటికి దాదాపు మూడు రూపాయల వడ్డీ!

అయితే కథ అక్కడితో ఆగలేదు. డిసెంబరు 1 నుంచి రీఛార్జు ధరలు పెరిగి 199 ప్లాను 239 అయింది. ఆ ధరతో 26 రీఛార్జులకు 6,214. ఫోనుతో కలిపి 12,713. తేడా 587కి తగ్గిపోయింది. అంటే వడ్డీ నూటికి రూపాయీ పావలా లోపే. చేతిలో ఆరున్నర వేలు లేని ఇంటికి అది మంచి బేరమే. ఒకే ఆఫరు, ఒక్క నెల తేడాలో నష్టం నుంచి దాదాపు గిట్టుబాటు దాకా వచ్చేసింది. బయట రేట్లు పెరుగుతున్నప్పుడు, ముందే ధర ఖాయం చేసుకున్న ప్లాను కాస్త కలిసొస్తుంది. రేట్లు తగ్గితే అదే గుదిబండ.

ఇక్కడ ఇంకో సంగతీ ఉంది. ఈ లెక్కంతా రోజుకి 1.5 జీబీ నిజంగా వాడేవాళ్లకే. పల్లెలో ఉండి మనవడి వీడియో కాల్ కోసం ఆదివారం మాత్రమే ఫోను తెరిచే తాతయ్యకి అంత డేటా ఎందుకు? అదే ఆఫర్లో నెలకు 300 రూపాయల చిన్న ప్లానూ ఉండేది. దానిలో నెలంతటికీ 5 జీబీ డేటా, 100 నిమిషాల కాల్స్. రోజుకి పది నిమిషాలు మాట్లాడితే పదోరోజుకి నిమిషాలు ఖాళీ! ఒకరికి ఎక్కువై, మరొకరికి చాలక... రెండూ నష్టమే. ఫోను మీద మిగిలిందనుకున్నది ప్లానులో పోయేది ఇక్కడే.

'నో కాస్ట్' అంటే...

కంపెనీ ప్లానుతో పనిలేకుండా క్రెడిట్‌కార్డు మీద వడ్డీలేని వాయిదాలు ఇస్తామనే ఆఫర్లు మరికొన్ని. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మరి నో కాస్ట్ ఈఎంఐ ఎలా నడుస్తోంది? బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సమానంగా అమ్మేవాళ్లు ధరలో తగ్గింపు ఇస్తారు. లెక్క సరిపోయినట్లే ఉంటుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కొనేవాళ్ల నెత్తినే. వడ్డీ వెయ్యి రూపాయలైతే పన్ను 180. ఒకేసారి కట్టేవాళ్లకి ఏదైనా తగ్గింపు ఉంటే అదీ వదులుకున్నట్లే. వాయిదా తప్పితే జరిమానాతోపాటు క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. రేపు ఇంటికో, పిల్లల చదువుకో లోన్ కోసం వెళ్లినప్పుడు ఆ మచ్చ కనిపిస్తుంది.

అమెరికా నుంచి వస్తుంటే...

అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉన్న తెలుగిళ్లలో మరో మాట వినిపిస్తుంది, 'అక్కడ ఫోను ఫ్రీగా ఇచ్చారట' అని. 2013లో టీ మొబైల్, 2016 జనవరిలో ఏటీ అండ్ టీ పాత రెండేళ్ల సబ్సిడీ ఒప్పందాలకు స్వస్తి చెప్పాయి. వాటి స్థానంలో వచ్చింది బిల్లులో నెలనెలా తగ్గించే పద్ధతి. 720 డాలర్ల ఫోను అనుకుందాం. 36 నెలలకు నెలకి 20 డాలర్లు వాయిదా వేస్తారు, అదే 20 డాలర్లు బిల్లులో తగ్గిస్తారు. ఇరవై నెలలకే కంపెనీ మారితే తగ్గింపు ఆగిపోతుంది, మిగిలిన 16 నెలలకు 320 డాలర్లు కట్టాలి. తగ్గింపు దక్కాలంటే చాలాసార్లు ఖరీదైన ప్లానే తీసుకోవాలి.

అలాంటి ఫోను బాకీ తీరకుండా ఇక్కడికి పంపిస్తే మన సిమ్ పనిచేయకపోవచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే 'క్యారియర్ లాక్' అని ఉంటుంది. దానికెదురుగా 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని కనిపిస్తే ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు. విమానం ఎక్కేముందే ఆ ఒక్కటీ చూసుకోమని చెప్పడం మేలు.

సంతకానికి ముందు...

* మొత్తం ఎంత? ముందు కట్టేది, ఫీజులు, నెలవారీ మొత్తాన్ని నెలలతో గుణిస్తే వచ్చేది... అన్నీ కూడాలి. పక్కన ఫోను నగదు ధర, ఇప్పుడు చేస్తున్న రీఛార్జు ఖర్చు అన్ని నెలలకీ కలిపి రాసుకోవాలి. పోల్చాల్సింది ఆ రెండు అంకెల్నే.

* నెలంటే ముప్ఫయ్యా, ఇరవై ఎనిమిదా? 28 రోజుల ప్లానైతే ఏడాదికి పదమూడు రీఛార్జులు. 30 రోజుల ప్లాను, నెలనెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. అడిగి తెలుసుకోవాలి.

* ఆ ప్లాను అవసరమా? ఫోను ఆఫర్ లేకపోయినా ఆ ప్లానే వేయించుకునేవాళ్లమా అని ప్రశ్నించుకోవాలి. కాదనిపిస్తే రాయితీ డబ్బుని ప్లానుకి పోస్తున్నట్లే.

* ఫోను పోతే? ఫోన్లకు సాధారణంగా ఏడాదే వారంటీ. వాయిదాలు మాత్రం రెండేళ్లు, మూడేళ్లు. పగిలినా పోయినా అవి ఆగవు.

* సిగ్నల్ ఉందా? ఇంట్లో, ఆఫీసులో, పిల్లల కాలేజీలో, సొంతూళ్లో ఆ కంపెనీ నెట్‌వర్క్ అందుతుందో లేదో ముందే చూసుకోవాలి.

* కాగితం మీద ఉందా? సేల్స్ కుర్రాడు నోటితో చెప్పినవన్నీ రసీదు మీదో, ఆఫర్ పత్రంలోనో ఉండాలి. లేనివి లేనట్లే.

ఈ లెక్కలకి పెద్ద చదువు అక్కర్లేదు. పిల్లల రఫ్ నోట్సులో ఒక పేజీ, అయిదు నిమిషాల సమయం చాలు. ఫోను అడిగిన పిల్లల చేతే ఆ లెక్క వేయిస్తే ఇంకా మంచిది. ఇంట్లో డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో వాళ్లకీ తెలుస్తుంది!