‘కరణ్ అర్జున్’: తల్లి పగలో ధర్మమెంత, హక్కు ఎంత?

రాకేశ్ రోషన్ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం ‘కరణ్ అర్జున్’ 1995 జనవరిలో విడుదలైంది. 2024 నవంబరులో మరల థియేటర్లకు వచ్చింది. ఇన్ని హత్యలు, ఇన్ని తుపాకులు ఉన్న చిత్రాన్ని పెద్దలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని నిస్సంకోచంగా ఎట్లా చూడగలుగుతున్నారు? పగను తల్లి పేరిట, దేవి పేరిట నడపడమే అందుకు కారణమని నా అభిప్రాయం. ఆ పేర్ల నీడలో చిత్రం ఏ విలువలను నిలబెట్టిందో, వేటిని మరచిందో పరిశీలించడం అవసరం.

కథ రాజస్థాన్ పల్లెలో మొదలవుతుంది. దుర్గ పాత్రను రాఖీ ధరించారు. ఠాకూర్ సంగ్రామ్ సింగ్ ఇంటి కోడలే అయినా, భర్తను కోల్పోయి ఇద్దరు కొడుకులను పేదరికంలో పెంచుకుంటుంది. అవసానదశలో ఉన్న ఠాకూర్ తన ఆస్తి మనవలకు చెందాలని భావిస్తాడు. బంధువైన దుర్జన్ సింగ్ అది సహించలేక ఆ వృద్ధుని చంపి, తన బావమరదులతో కలిసి కరణ్, అర్జున్‌లను కాళికాలయం ఎదుటే నరికివేస్తాడు. ఈ పాత్ర అమ్రీష్ పురిది. కొడుకులను తిరిగి ఇమ్మని తల్లి దేవిని నిలదీస్తుంది. వారు వేరొక చోట పుట్టి పెరిగి, సల్మాన్ ఖాన్, షారుఖ్ ఖాన్‌ల రూపంలో తిరిగి వచ్చి పగ తీర్చుకుంటారు.

పునర్జన్మ కథ మనకు కొత్త కాదు. ఆదుర్తి సుబ్బారావు గారు 1964లో ‘మూగమనసులు’ తీసి, దానినే 1967లో హిందీలో ‘మిలన్’గా మలిచారు. అక్కడ పునర్జన్మ ప్రేమ కొరకు, ఇక్కడ ప్రతీకారం కొరకు.

పేర్ల ఎంపిక గమనించదగినది. దుర్జన్ అంటే మన దుర్జనుడే. దుర్గ గురించి చెప్పనక్కరలేదు. ఇక కర్ణార్జునులు భారతంలో ఒకే తల్లి బిడ్డలై ఉండి శత్రువులైనారు. కుంతి యుద్ధం ముగిసేవరకు పాండవులకు ఆ నిజం చెప్పలేకపోయింది. ఇందులో తల్లి మౌనం వహించదు. ఊరంతా పిచ్చిదని తేల్చినా, తన బిడ్డలు వస్తారని ప్రతివారి ఎదుటా ప్రకటిస్తూనే ఉంటుంది. కుంతి దాచిన మాటను దుర్గ వీధిలో నిలబడి చెప్పిందన్నమాట. చిత్రానికి బలం ఇదే. (భారతంలో కూడా కర్ణార్జునులు జతకట్టి పోరాడారని కొందరు పిల్లలు అనుకొనే ప్రమాదం లేకపోలేదు; అది ఉపాధ్యాయులకు అదనపు పని!)

అయితే సమాజ చిత్రణ దగ్గర చిత్రం తడబడింది. ఇద్దరు యువకుల హత్య తెలిసిన ఊరు ఏళ్ల తరబడి నోరు మెదపదు. వారి రూపం కళ్ల ఎదుట కనబడిన తరువాతనే గుండె ధైర్యం తెచ్చుకుంటుంది. ఊరిమీద ఠాకూరు పెత్తనం ఉండవచ్చునా అనే ప్రశ్న ఎవరూ వేయరు. చెడ్డ ఠాకూరు పోయి, అదే వంశపు మంచి వారసులు వస్తే చాలునన్నట్లు కథ ముగుస్తుంది. మాతృత్వాన్ని అంతగా కీర్తించిన చిత్రం, ఆ ఇద్దరినీ ఈ జన్మలో కన్న తల్లులను దాదాపు పట్టించుకోదు.

అన్నింటికన్న పెద్ద లోపం దుర్గ హక్కును గురించినది. ఆమెను పూజించారే తప్ప, ఆమెకు రావలసినది ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం, వీలునామా లేకుండా మరణించిన మగవాని ఆస్తికి అతని భార్య, తల్లి, ముందే చనిపోయిన కొడుకు భార్య, ఆ కొడుకు పిల్లలు మొదటి తరగతి వారసులలోని వారే. అంటే మామగారి ఆస్తిలోను, కొడుకుల ఆస్తిలోను దుర్గకు స్థానం ఉన్నది. అదే చట్టం 25వ సెక్షను హత్య చేసినవాడు హతుని ఆస్తికి వారసుడు కారాదని చెబుతుంది. వారసత్వం దక్కించుకోవడానికి అడ్డున్న వేరొకరిని చంపినా ఆ ఆస్తి దక్కదు. దుర్జన్ సింగ్ కోరిన ఆస్తికి చట్టమే తలుపు మూసింది. దానికి పునర్జన్మ అక్కరలేదు. నేరం కోర్టులో రుజువు కావడం మాత్రం కావాలి, సాక్ష్యం చెప్పే ఊరు కావాలి.

మన హద్దు గ్రామాలలో ఈ విషయం మరికొంత చిక్కు. కర్ణాటకలో పహణీ, మహారాష్ట్రలో సాత్‌బారా, తమిళనాడులో పట్టా అని భూమి కాగితానికి ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు, ఒక్కొక్క లిపి. ఇంట్లో తెలుగు మాత్రమే చదివిన ఆడవారికి, భర్త పోయిన తరువాత ఆ కాగితంలో ఎవరి పేరు ఎక్కిందో తెలియదు. మరిది, బావ చెప్పిందే వేదం. చదువుకున్న పిల్లలు ఆ కాగితాన్ని తెచ్చి అమ్మకు చదివి వినిపించవచ్చును. దావా వేయవలసి వస్తే, న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దరఖాస్తు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ఇవ్వాలి. ఆ చట్టం అమలులోకి వచ్చింది 1995 నవంబరులో, ‘కరణ్ అర్జున్’ విడుదలైన ఏడాదిలోనే.